ఒక పూత తక్కువ

ఉగాదికి నలభై ఒక్క రోజులు

పొద్దున లేవగానే తలుపు పక్కన, ఇంట్లో గాలి కొలిచే ముల్లు చూశాను. ఏడు మీద నిలకడగా ఉంది. ముల్లు చూడకుండా కాఫీ గిన్నె ముట్టుకునేవాళ్ళు మా తొలిమెట్టలో ఎవరూ లేరు. గాలి గది నుంచి గంట మోగింది, అంటే ఈ పూటకి ఊపిరికి లోటు లేదు. తడిగుడ్డతో గుమ్మం మీద ఎర్రదుమ్ము తుడిచి, తొట్టిలో గోంగూరకి రెండు చెంచాల నీళ్ళు పోసి పనికి బయలుదేరాను.

మ్యూజియంలో పనిచేసేవాళ్ళు రోజూ ఏం చేశారో రాసిపెట్టాలని కొత్త నిబంధన పెట్టారు. సరే, రాస్తున్నాను. నా పేరు అన్నంరాజు విశాల. పాత గోడలు పరీక్షించి, ఏ గది ఏ కాలంలో ఎలా ఉండేదో తేల్చడం నా పని. ఇప్పుడు పని జరుగుతున్నది ఆరుగురి ఇంట్లో. నూరేళ్ళ క్రితం భూమి నుంచి వచ్చిన తొలి ఆరుగురు కట్టుకున్న ఇల్లది. వాళ్ళ నాయకురాలు సత్యవేణి మా తాతమ్మ. ఆ సంగతి నేను చెప్పకపోయినా ఊళ్ళో అందరూ చెప్తారు.

ఇక్కడ వెల్ల అందానికి వేసేది కాదు. ఎర్ర ఇటుకల సన్న రంధ్రాల్లోంచి గాలి జారిపోకుండా ఏటా ఉగాదికి గోడలకి జిగురు వెల్ల పూస్తాం. తొలివాళ్ళు ఆ ఇంట్లో పద్నాలుగేళ్ళు ఉన్నారు. అంటే పద్నాలుగు పూతలు ఉండాలి. పొరలు లెక్కపెట్టే పెట్టెని గోడకి ఆనించాను. పదమూడు అంది.

ఆరు గదుల్లోనూ పదమూడే. యంత్రాన్ని నమ్మినవాడు చెడ్డాడని మా నానమ్మ ఊరికే అనలేదు.

ఉగాదికి ముప్ఫయ్యెనిమిది రోజులు

పెట్టెని పక్కన పెట్టి భూతద్దంతో నేనే లెక్కపెట్టాను. మెడ పట్టేసింది. పదమూడే.

తాతమ్మ రాసిన చిట్టా మా బడిపిల్లలకి పాఠం. పన్నెండో ఉగాదికి, ఈ నేల మీద తొలి బిడ్డ పుట్టిన సంతోషంలో, వెల్లలో ఆకుపచ్చ కలిపారని అందులో ఉంది. గోడ మీద ఆకుపచ్చ నిజంగానే ఉంది, కాని పదకొండో పొరగా ఉంది. అంటే పన్నెండుకి ముందు ఎప్పుడో ఒక ఉగాది పూత ఎగిరిపోయింది. ఎప్పుడో కూడా తెలిసింది. ఎనిమిదో పూత మీద పెద్ద తుపాను తెచ్చిన ఎర్రచార ఉంది. దాని మీద దుమ్ము మిగతా పొరల మధ్య ఉన్నదానికి రెండింతలుంది. తొమ్మిదో ఉగాదికి ఈ ఇంటికి వెల్ల వేయలేదు.

ఆ తుపానులోనే కదా నూకరత్నం పారిపోయింది! ఆరుగురిలో తాపీ మేస్త్రీ ఆమె. నాలుగు గాలి సిలిండర్లు దొంగిలించి పడమట ఉన్న ఇంకో శిబిరం వైపు వెళ్ళిపోయిందని చిట్టాలో ఉంది. మూడో తరగతిలో నేను లేచి, "తుపానులో ఎవరైనా బయటికి పోతారా టీచర్?" అంటే బెంచీ ఎక్కించారు. అప్పటినుంచీ నాకు అనుమానం పిశాచి అని పేరు. ఆ పిశాచికే ఇప్పుడు మ్యూజియం వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు.

ఉగాదికి ముప్ఫయిమూడు రోజులు

అనుమానం పైడమ్మ మీదికి తిరిగింది.

పైడమ్మ మా తాపీ మేస్త్రీ. నా ఈడుదే. పాత పూతని పొరపొరగా లేపి, అచ్చం అలాంటి పూతే మళ్ళీ వేయగలదు. పక్కన పెట్టి చూపిస్తే ఏది పాతదో నేనే చెప్పలేను. మూడు వారాలుగా ఆరో గదిలో ఒంటరిగా పనిచేస్తోంది. ఆరో గది నూకరత్నానిది. దాన్ని బయట బోర్డు మీదే 'దొంగ గది' అని రాశారు.

నూకరత్నం పైడమ్మకి తాతమ్మ. ఆవిడ భూమి మీద వదిలి వచ్చిన కొడుకు పెద్దయ్యాక అమ్మని వెతుక్కుంటూ వచ్చి, ఓడ దిగగానే దొంగ కొడుకయ్యాడు. ఆ వంశంవాళ్ళని గాలి గదిలో పనికి తీసుకోకూడదని ఊరి సభ నియమం. పైడమ్మ కూతురు కల్పవల్లి గాలి గది పరీక్షలో ఊరంతటికీ మొదటిగా వచ్చింది. ఉగాది వెళ్ళిన మూడో రోజు సభవాళ్ళు ఆ పిల్లని తీసుకుంటారో తోసేస్తారో తేలుస్తారు.

అలాంటి మనిషికి, ఉగాది లోపల తాతమ్మ మీద మచ్చ చెరపడానికి గోడలో ఏదో ఒక వింత పుట్టించాలని ఉండదా? నాకైతే ఉంటుంది.

"పైడమ్మా, తొమ్మిదో పూత ఏమైంది?" అని అడిగాను, మామూలుగా అడిగినట్టు.

ఆవిడ వెల్ల పూసే కర్ణె ఆపలేదు. "నేదు కదమ్మా. నాను మొదటి రోజే సూసినాను."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే నానే గీకేసినానంటారు గదా. మీరే సూసుకుంటారని ఊరుకున్నాను."

జవాబు మరీ తయారుగా ఉంది. నాకు నచ్చలేదు.

ఉగాదికి ముప్ఫయి రోజులు

పైడమ్మ చెయ్యి పడని చోటు ఒకటి కావాలి. ముందు గదిలో సభవాళ్ళు డెబ్భై ఏళ్ళ క్రితం బిగించిన ఇత్తడి ఫలకం ఉంది. 'ఒక్క చీలిక పడని ఇల్లు' అని దాని మీద రాసి ఉంటుంది. చీలిక పడితే ఊరే ఉండేది కాదు. ఇల్లు గాలి వదిలిందని తేలితే అందరినీ వెనక్కి తీసుకుపోవాలని అప్పటి ఓడల నిబంధన.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు ఫలకం విప్పాను. మరలు తుప్పుపట్టి ఏడిపించాయి. వెనక అగ్గిపెట్టంత ముక్క కోశాను.

పదమూడు. ఎనిమిది, రెండేళ్ళ దుమ్ము, తరవాత అయిదు.

పైడమ్మ పుట్టక ముందు నుంచీ ఆ పూత లేదు. సాయంత్రం ఆవిడ డబ్బాలో చేగోడీలు పెడితే రెండు తీసుకున్నాను. క్షమాపణ మాత్రం చెప్పలేదు. అనుమానించానని తనకి తెలియదనుకున్నాను.

ఉగాదికి ఇరవై తొమ్మిది రోజులు

మ్యూజియం అధికారి చంద్రధర్‌కి విషయం చెప్పాను. ముప్ఫయ్యేళ్ళవాడు, నూరో ఉగాదికి ఇల్లు తెరిచి పేరు తెచ్చుకోవాలని తొందర.

"ఇందులో ఏముంది మేడమ్? వెల్ల వేసే మనిషి పారిపోయింది. ఆ ఏడు వేసేవాళ్ళు లేరు. పదో ఏటికి మిగతావాళ్ళు నేర్చుకున్నారు."

నిజమే. పదో ఉగాది నుంచి పూత కుడిచేతి వాటంగా, వంటరాని వాడు పోసిన అట్టులా ఉంది. అంతకు ముందువన్నీ ఎడమచేతివి, పల్చగా, ఒకే తూకంలో ఉన్నాయి. నూకరత్నం ఎడమచేతి మనిషి. పైడమ్మ కూడా అంతే.

ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయాను. మా తాతమ్మ మాట నిలబడిందని సంతోషం వేసింది. అది కూడా రాస్తున్నాను, దాచడం ఎందుకు?

ఉగాదికి ఇరవై ఒక్క రోజులు

ఆరో గది తలుపు చట్రం చుట్టూ ఇనుపరేకు బిగించి ఉంది. అలాంటి రేకు మిగతా అయిదు గదులకీ లేదు. అసలు చట్రం ఎలా ఉండేదో చూడాలని, పొద్దున నేనే ఉలితో రేకు మరలమీది వెల్ల చెక్కి ఊడదీశాను.

రేకు కింద, తలుపుకీ చట్రానికీ మధ్య సందులో, పైనుంచి కిందిదాకా జిగురు వెల్ల కూరి ఉంది. తలుపుని బయటినుంచి బద్దలుకొట్టినట్టు సగం ఊడిపోయింది, సగం చట్రానికి అంటుకుని ఉంది. కర్ణెతో పూసింది కాదు. వేళ్ళతో నొక్కింది. బొటనవేలి గుంటలు ఎటు తిరిగాయో చూస్తే ఎడమ చెయ్యి.

అది గది లోపలి వైపు నుంచి నొక్కిన వెల్ల.

లోపల ఉండి తలుపు మూసుకుని సందులు పూడ్చుకున్న మనిషి సిలిండర్లు ఎత్తుకుని ఎలా పారిపోతుంది? మరుక్షణం ఒళ్ళు మండింది. ఎడమ చెయ్యి! ఇన్ని వారాలు ఈ గదిలో ఎడమచేతి మేస్త్రీని ఒంటరిగా వదిలింది ఎవరు? నేనే.

పైడమ్మని పిలిచి చూపించాను. "బాగా చేశావు. కూతురి కోసం ఏ తల్లైనా చేస్తుంది. కాని నా పేరు మీద వెళ్ళే రిపోర్టులో ఇలాంటివి సాగవు" అన్నాను.

ఆవిడ సందులోకి వంగి చూసింది. ఆ గుంటల మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది.

"ఇది నాను సేసినానంటారా?"

"ఇంకెవరు?"

"మా అమ్మ సచ్చిపోయేదాకా గుమ్మం దిగితే తలొంచుకునే నడిసినాది విశాలమ్మగారూ. నాను దొంగ మునిమనవరాలిని అనిపించుకున్నాను, పడ్డాను. దొంగ పని సేసినానని మాత్రం ఇయ్యాల మీరే అన్నారు." సామాను అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

ఉగాదికి ఇరవై రోజులు

నా అంత తెలివితక్కువ మనిషి ఈ గ్రహం మీద ఇంకొకరు ఉండరు. భూమి మీది చుట్టాలు ఇప్పటికీ జాతకాలు పంపమని అడుగుతుంటారు. కుజుడి మీదే పుట్టినదాన్ని, కుజదోషం ఉండక తప్పుతుందా? బుద్ధిదోషం మాత్రం నా సొంతం.

రేకు మరల మీద వెల్ల చెక్కింది నేనే కదా. ఆ చెక్కుముక్కలు నా సంచీలోనే ఉన్నాయి. పొద్దున పెట్టెలో పెట్టి చూశాను. అయిదు పూతలు, ఎక్కడా తెగలేదు, మధ్యలో ఆకుపచ్చతో సహా. రేకు బిగించింది తొలివాళ్ళే. దాని కిందికి తొంభై ఏళ్ళుగా ఎవరి చెయ్యీ వెళ్ళలేదు. నిన్న ఉలి పట్టుకుని ఆ అయిదు పూతలూ చెక్కి, అరగంట తిరక్కుండా పైడమ్మని దొంగని చేశాను.

సాయంత్రం ఆవిడే మా ఇంటికి వచ్చింది, మ్యూజియం తాళాలు అప్పజెప్పడానికి. లోపలికి రమ్మన్నాను. రానంది. నేను తలుపు దగ్గరే నిలబడి, తప్పు నాదని, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటానని చెప్పాను. ఆవిడ నా మొహం చూడలేదు. నా వెనక గోడకేసి చూస్తోంది.

మా ఇంట్లో తలుపు పక్కన, గాలి ముల్లు కింద, జానెడు మేర వెల్ల వేయం. నానమ్మ దిష్టికట్టు అనేది. వాళ్ళమ్మ సత్యవేణి అలాగే చేసేదట. మేమూ చేస్తున్నాం. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఊరందరినీ అనుమానించే నేనూ అడగలేదు.

"ఎవలు పోనారమ్మా మీ ఇంట్లో?" అంది పైడమ్మ.

"ఎవరూ పోలేదే."

"మరా జానెడు వొదిలేసినారేటి? మనిషి పోతే ఏటిసూతకం గదా, మా తాపీవోళ్ళు ఆ యేడు ఇంటికి వెల్ల ముట్టరు. ఊరు పెద్దదయ్యేక అలగ మానేస్తే గాలాగదని, తలుపు పక్కన జానెడు వొదిలీడం మొదలెట్టినారు. యేడు తిరిగితే అదీ పూసేస్తాం. మీరెన్నాళ్ళ బట్టి వొదిలేస్తన్నారు?"

తొమ్మిదో పూత గుర్తొచ్చింది. లెక్క మాత్రం తెలుసు.

"సత్యవేణి ఆ ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ. ఎనభై ఏళ్ళు దాటింది" అన్నాను.

అప్పుడు లోపలికి వచ్చింది. ఇద్దరం ఆ గోడ ముందు నేలమీద కూర్చున్నాం. పైడమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఆవిడంత హక్కు లేకపోయినా.

ఉగాదికి పద్దెనిమిది రోజులు

చీలిక దొరికింది. ఆరో గది బయటి గోడలో, మంచం ఉండే అర వెనక, మూరెడు పొడవు. ఎనిమిదో పూతని చీల్చుకుని ఉంది, లోపలినుంచి పూడ్చి ఉంది. మొదలు కర్ణెతో, చక్కగా. చివర జానెడు వేళ్ళతో. గదిలోకి వచ్చే గాలిగొట్టానికి నాలుగు సిలిండర్లు తగిలించిన బిగింపు గుర్తులు కూడా ఉన్నాయి.

ఇక విప్పడానికి ఏమీ లేదు. తుపానులో గోడ చీలింది. నూకరత్నం తన గది తలుపు లోపల వేసుకుని, గాలి మిగతా ఇంట్లోంచి పోకుండా ముందు తలుపు సందులు పూడ్చింది. తరవాత చీలిక పట్టింది. తలుపు అవతలనుంచి మిగతా అయిదుగురూ ఉన్న సిలిండర్లన్నీ గొట్టంలోకి వదిలారు. చాలలేదు. ఆవిడ చీలిక పూర్తిగా మూసింది, ఇల్లు నిలిచింది. తరవాతి ఓడలో తనిఖీవాళ్ళు వచ్చి సిలిండర్లు ఏవని అడిగారు. చీలిక సంగతి చెబితే అందరూ వెనక్కి పోవాలి, ఊరు ఉండదు. చచ్చిపోయిన మనిషి ఎలాగూ ఎదురు చెప్పదు. దొంగిలించుకుపోయిందన్నారు. రాసింది మా తాతమ్మ.

మనిషిని బలి తీసుకున్న ఇంట్లో, గాలి జారిపోతున్నా, ఏడాదిపాటు వెల్ల ముట్టుకోలేదు. తనిఖీవాళ్ళకి అబద్ధం చెప్పారు, సూతకానికి చెప్పలేకపోయారు. ఆవిడని ఎక్కడ పడుకోబెట్టారో గోడల్లో లేదు.

ఉగాదికి పన్నెండు రోజులు

చంద్రధర్ రిపోర్టు చదివి తలుపు వేశాడు.

"మేడమ్, పెట్టె లెక్క తప్పిందని ఒక్క వాక్యం రాయండి. చట్రానికి మళ్ళీ రేకు బిగించేద్దాం. నూరో ఉగాదికి ఊరందరి ముందూ ఈ ఊరు అబద్ధం మీద లేచిందని చెప్తారా? పైగా అది మీ తాతమ్మ గారి అబద్ధం. మీ ఇంటి పరువు మీరే తీసుకుంటారా?"

"కల్పవల్లి సంగతి?"

"ఒక్క అమ్మాయి ఉద్యోగం మేడమ్. ఇంకో ఉద్యోగం చూద్దాం."

ఒప్పుకుంటున్నాను, కలం తెరిచి ఆ వాక్యం సగం రాశాను. మా ఇంటి పిల్లల మొహాలు గుర్తొచ్చాయి. వాళ్ళూ ఇక తలొంచుకుని నడవాలా అనిపించింది. అంతలో పైడమ్మ వాళ్ళమ్మ తలొంచుకుని నడవడం గుర్తొచ్చింది. ఆవిడని నేను చిన్నప్పుడు చూశాను. వెనక నడుస్తూ వెక్కిరించిన పిల్లల్లో నేనూ ఉన్నాను.

సగం వాక్యం కొట్టేసి, రిపోర్టు కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాను. చంద్రధర్ దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. "ఉగాది అయ్యాక చూద్దాం" అన్నాడు. కల్పవల్లిని తోసేశాక చూస్తాడన్నమాట.

పైడమ్మకి చెప్పాను. "కాగితం సొరుగులో పెట్టగలడు. గోడని పెట్టలేడు గదా" అంది.

ఉగాది

నూరో ఉగాదికి ఆరుగురి ఇంటికి వెల్ల పడలేదు.

పైడమ్మ వెల్ల వేయనంటే నిన్న పొద్దున చంద్రధర్ అరిచాడు, బతిమాలాడు, వేరే మేస్త్రీలని పిలిపించాడు. వాళ్ళు వచ్చి పైడమ్మతో రెండు మాటలు మాట్లాడి, వెల్ల బాల్చీలు తిరగేసి వెళ్ళిపోయారు. ఇక్కడి తాపీవాళ్ళు దేనికైనా వస్తారు గాని, సూతకం ఉన్న గోడ మీద చెయ్యి వేయరు.

ఈ రోజు ఊరంతా వచ్చింది. కొత్త బట్టలు, ఉగాది పచ్చడి గిన్నెలు. లోపలికి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. మాసిన గోడలు, ఎర్రదుమ్ము. గుమ్మానికి తోరణం లేదు. సభ పెద్ద మాణిక్యాంబ గారికి ఎనభై ఏళ్ళు దాటాయి. కర్ర ఊతంతో నడిచి వచ్చి గోడ మీద వేలు రాసి చూసుకున్నారు.

"ఏమిటిది చంద్రధర్? పండగపూట?"

"చిన్న ఆలస్యం అమ్మా, రేపటికల్లా..."

నేను ముందుకు వెళ్ళాను. "ఆలస్యం కాదండీ. ఈ ఇంట్లో ఈ ఏడు మైల."

"ఎవరు పోయారు?"

"నూకరత్నం. పోయి తొంభై ఏళ్ళయింది. కబురు మాకు ఇప్పుడే అందింది. చావు ఎప్పుడు జరిగినా, కబురు విన్ననాటి నుంచే కదండీ మైల."

ఆరో గది తలుపు తెరిచి ఉంచాం. పెద్దావిడ లోపలికి వెళ్ళి చట్రం దగ్గర వంగి చూశారు. మూరెడు చీలికకేసి చూశారు. గుంటలు తిరిగిన వైపుకి తన చెయ్యి తిప్పి చూసుకుని, కుడి చెయ్యి కుదరక, ఎడమ చెయ్యి పెట్టారు. పక్కనే నిలబడిన పైడమ్మ పెద్దావిడ కర్ర పట్టుకుంది.

మాణిక్యాంబ గారు బయటికి వచ్చి, చేతిలో పచ్చడి గిన్నె రుచి చూడకుండా గుమ్మం పక్కన పెట్టేశారు. "సొరుగు తాళం ఇవ్వు" అన్నారు చంద్రధర్‌తో. రిపోర్టు సంగతి ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. పైడమ్మ మీద అనుమానం ఉంది. ఈసారి ఆ అనుమానం తీర్చుకోదలచుకోలేదు.

ఒకరి వెనక ఒకరు గిన్నెలు కింద పెట్టారు. కొందరు పెట్టలేదు. నన్ను చూసి మొహం తిప్పుకుని వెళ్ళినవాళ్ళలో మా చిన్నాన్న కూడా ఉన్నాడు.

మరుసటి ఉగాది

మ్యూజియం పని అయిపోయింది. ఇక ఈ చిట్టా రాయనక్కర్లేదు. ఈ ఒక్క పుటా నా కోసం.

పొద్దున పైడమ్మ బాల్చీ పట్టుకుని వచ్చింది. ఆరుగురి ఇంటికి నిన్ననే వెల్ల వేసి వచ్చిందట. గదుల బయట కొత్త బోర్డులు పెట్టారు. ఇత్తడి ఫలకం ఉన్నచోట గోడ ఖాళీగా ఉంది. అక్కడ ఏం రాయాలో సభ ఇంకా తేల్చుకోలేదు.

"యేడు తిరిగిపోనాది. జరగండమ్మా" అని గాలి ముల్లు కింద జానెడు గోడకి తడిగుడ్డ పెట్టింది. నాలుగు తరాల మురికి. మూడుసార్లు తుడవాల్సి వచ్చింది. తరవాత ఎడమ చేత్తో, పల్చగా, రెండు విసుర్లలో పూసేసింది.

ఆరేదాకా ఇద్దరం కాఫీ తాగాం. అంతలో గాలి గంట మోగింది. పైడమ్మ కప్పు పట్టుకుని ఆగిపోయింది. ఈ వారం పొద్దుటి డ్యూటీ కల్పవల్లిది.

ముల్లు ఏడు మీద నిలబడింది.